అగరొత్తి ఖాతాలో రాసిన పొడి

ఆ గురువారం ఉదయం నేను చేసిన తప్పుతో మొదలుపెడతాను. దాన్ని పక్కనపెట్టి నా వృత్తి గురించి ఎంత రాసినా అది సగమే అవుతుంది.

తూంకుంటలో మా ఇంటి వరండాలో కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. ఫ్యాక్టరీల్లో సేఫ్టీ ఉద్యోగాలకు వెళ్లబోయే పిల్లలకు శామీర్‌పేట దగ్గర ఒక సంస్థలో శిక్షణ ఇస్తారు. ఆ రోజు అక్కడ పాఠం చెప్పాలి. ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. అప్పుడే ఫోన్ మోగింది.

"సారూ, గుర్తువట్టిన్రా? నర్సింహులును. డ్రయ్యర్ కాడ జేసేటోన్ని."

గుర్తుపట్టాను. మేడ్చల్ రోడ్డులో మెత్తటి పొడులు చేసే ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. కొన్నేళ్ల కింద అక్కడి గాలిని కొలిచి రిపోర్ట్ రాసింది నేనే.

"చెప్పు నర్సింహులూ. బయటికి పోతున్న."

"ఒక్కటే మాట సార్. నన్ను పర్మినెంట్ జేస్తమంటున్నరు. గాని, షిఫ్టు మొత్తం డ్రయ్యర్ కాడనే ఉండాల్నంట. ఇన్నొద్దులు అందరం వంతులేసుకొని జేస్తుంటిమి. నాకు జర దగ్గుంది. పొడితోని ఏమన్న అయితదా అని అడిగితే మీ రిపోర్ట్ చూపెట్టిన్రు. గాలి సారు ఏం లేదని రాసిచ్చిండు గద అన్నరు. సోమారం సంతకం వెట్టాలె. వెట్టాల్నా వద్దా?"

"రిపోర్ట్‌లో ఉన్నదే కదా. ఏం కాదు, పెట్టు."

"మీరు జెప్తే ఇగ రంది లేదు సార్."

ఆటో ఎక్కాను. ఒక మనిషి తన ఊపిరి గురించి అడిగిన ప్రశ్నకు లేసు కట్టుకుంటూ జవాబు చెప్పాను. అదే నా తప్పు. అది ఎంత పెద్దదో మధ్యాహ్నం దాకా నాకు తెలియలేదు.

కనపడనిదాన్ని కొలవడం

నా ఉద్యోగానికి కాగితాల మీద పెద్ద పేరుండేది. కార్మికులు మాత్రం "గాలి సారు" అనేవాళ్లు, అదే సరైన పేరు. ఫ్యాక్టరీకి పోవడం, మనుషులు పీల్చే గాలిలో ఏముందో కొలవడం, అది వాళ్లకు చేటు చేస్తుందో లేదో చెప్పడం, ఇంతే పని. మొదటి రెండూ నేర్చుకోవచ్చు. మూడోదాని దగ్గరే మేం తడబడతాం, తడబడినట్టు కనపడకుండా మాట్లాడతాం.

నేను చేరిన రోజుల్లో దుమ్ము అంటే కంటికి కనపడే దుమ్ము. కార్మికుడి చొక్కాకు చిన్న పంపు తగిలించి, షిఫ్టు అయ్యాక అందులోని వడపోత కాగితాన్ని తూకం వేసేవాళ్లం. ఇంత బరువుంటే పరవాలేదు, ఇంత దాటితే ప్రమాదం అని పరిమితులుండేవి. తర్వాత నానో పొడులు వచ్చాయి. రంగుల్లో, ఎండకు రాసుకునే క్రీముల్లో, టైర్లలో, బ్యాటరీల్లో ఇప్పుడవి లేని చోటు వెతకాలి. వెంట్రుక మందాన్ని వేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత రేణువు. అవి గాలిలో కోట్ల కొద్దీ ఉన్నా కాగితం బరువు పెరిగినట్టే అనిపించదు. పాత తూకంతో చూస్తే గాలి శుభ్రం. పాత పరిమితి ముతక దుమ్ముకు పెట్టింది. అయినా "పరిమితి లోపలే ఉంది" అని మేం ఎన్నోసార్లు రాశాం. అబద్ధం కాదు. కానీ చదివినవాడు "భద్రం" అనుకుంటాడని తెలిసీ రాశాం.

తర్వాత రేణువులను లెక్కపెట్టే మిషన్ వచ్చింది. దానికి లెక్క వచ్చు కానీ జాతి తెలియదు. ఫ్యాక్టరీ పొడినీ, బయట కరీంనగర్ బస్సు వదిలిన పొగనీ, క్యాంటీన్‌లో మిర్చి బజ్జీల నూనె ఆవిరినీ అది ఒకే వరసలో లెక్కపెడుతుంది. ఏది ఎవరిదో విడదీయడం మనిషి పని. నేను దెబ్బతిన్నది అక్కడే.

మర్యాద చేసే మోసం

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. మనం చూసే ఫ్యాక్టరీ రోజూ నడిచే ఫ్యాక్టరీ కాదు. సారు వస్తున్నాడంటే నేల కడుగుతారు, నీళ్లు చల్లుతారు, బస్తాలు విప్పే పని సాయంత్రానికి వాయిదా వేస్తారు. అందరూ దాచాలనే చేయరు. ఇంటికి చుట్టం వస్తే వాకిలి ఊడ్చినట్టే చేస్తారు.

ఒకసారి ఒక ఆపరేటర్ చొక్కాకు పంపు తగిలించి వెళ్లాను. సాయంత్రం వచ్చి చూస్తే దాన్ని పాలిథిన్ కవర్లో పెట్టి, మూతికి దారం చుట్టి, అట్లాగే మెడలో వేసుకుని తిరుగుతున్నాడు. "ఇదేందయ్యా?" అన్నాను. "ఖరీదు వస్తువాయె సార్, దుమ్ము వడితే ఖరాబైతది గద" అన్నాడు. నవ్వాను. ఆ నవ్వులో నా తప్పు కూడా ఉంది. పంపు ఎందుకో అతనికి చెప్పలేదు. చెప్పాలని తోచనైనా లేదు.

డ్రయ్యర్ ముందు

నర్సింహులు ఫ్యాక్టరీకి నేను వెళ్లింది రిటైర్మెంటుకు ముందు. అక్కడ ఒక తెల్లపొడిని నీళ్లలో తయారు చేసి, పెద్ద డ్రయ్యర్‌లో ఆరబెడతారు. ఆరాక తలుపు తీసి, ట్రేలు బయటికి లాగి డ్రమ్ముల్లోకి వంచుతారు. అది ఏ పొడి, ఎంత సన్నం అని అడిగితే కంపెనీ రహస్యం అన్నారు. మనం దేన్ని కొలుస్తున్నామో మనకే చెప్పరు. ఈ పనిలో అది మామూలే.

ఎప్పుడో ఒకసారి ఆ తలుపు తీసినప్పుడు వేడిగాలి కొట్టి ఒకతని ముఖం కాలిందట. అప్పటినుంచి షిఫ్టువాళ్లు డ్రయ్యర్ పక్క గోడకు మైసమ్మ ఫోటో పెట్టారు. ప్రతి బ్యాచ్‌కూ, తలుపు తీసేముందు ఒక అగరొత్తి వెలిగించి, దండం పెట్టుకుని అప్పుడు గొళ్లెం లాగుతారు. ఆ వెలిగించే పని నర్సింహులుది.

మిషన్ పెట్టుకుని కూర్చున్నాను. పొద్దంతా అంకెలు మామూలుగా ఉండి కొన్నిసార్లు మాత్రం ఒక్కసారిగా ఎగబాకాయి. ఎగబాకిన ప్రతిసారీ అగరొత్తి వెలుగుతోంది. అగరొత్తి పొగలో సన్నటి రేణువులు విపరీతంగా ఉంటాయి, అది నిజమే. దొరికిందనుకున్నాను. లెక్క చక్కగా కుదిరింది. ఎగబాకిన అంకెలన్నీ పొగ ఖాతాలో రాసి, తీసేసి, మిగిలింది చూస్తే గాలి బయటి రోడ్డు కంటే నయంగా ఉంది.

మా పెద్దసారు రిపోర్ట్ చదివి భుజం తట్టాడు. "ఇట్లా ఉండాలి. ఎవరికీ తలనొప్పి లేని రిపోర్ట్" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. కానీ కిందివాళ్లకు ఆయన నేర్పింది ఇదే: అనుమానం ఉంటే తక్కువ రాయి. తక్కువ రాయడం జాగ్రత్త అనిపించుకుంటుంది. ఆ జాగ్రత్త ఎవరికోసమని మేమెవరం అడగలేదు. నేనసలే అడగలేదు.

వడపోత కాగితం మీద పడిన రేణువులను పెద్ద మైక్రోస్కోప్ కింద పెడితే అది పొగో పొడో తేలేది. అందుకు వేరే ఊరు పంపాలి, వంతు కోసం ఆగాలి. పంపలేదు. షెడ్లో అగరొత్తులు వెలిగించవద్దని సిఫారసు రాశాను. ఫ్యాక్టరీ వాళ్లు మైసమ్మ ఫోటో తీసేశారు. నా సిఫారసుల్లో అంత వేగంగా అమలైంది మరొకటి లేదు.

మిగిలినవాళ్లనే చూశాం

గాలి సంగతి అలా ఉంటే మనుషులను పరీక్షించడం ఇంకా కష్టం. ఈ పొడుల వల్ల ఏదైనా జబ్బు వస్తే అది రేపో ఎల్లుండో రాదు, ఏళ్లు పడుతుంది. అన్నేళ్లు ఒకే మనిషి ఒకే చోట దొరకాలి కదా. కాంట్రాక్టర్ మారితే జట్టు మారుతుంది. దగ్గు ఎక్కువైనవాడు మానేసి ఊరికి పోతాడు, లేదా జీడిమెట్లలో ఇంకో పని చూసుకుంటాడు. మేం వెళ్లేసరికి మిగిలేది తట్టుకున్నవాళ్లే. వాళ్లను పరీక్షించి "కార్మికులు ఆరోగ్యంగా ఉన్నారు" అని రాస్తాం.

ఉన్నవాళ్లయినా నిజం చెప్పరు. చెబితే పనిలోంచి తీసేస్తారని భయం. "దగ్గుందా?" అంటే "లేదు సార్" అని, గది దాటగానే దగ్గినవాళ్లను చూశాను. ఇక బీడీలు తాగేవాడు, కట్టెల పొయ్యి ఇంట్లో పెరిగినవాడు, ఇంతకుముందు రాళ్ల క్రషర్‌లో పనిచేసినవాడు ఉంటారు. ఎవరి ఛాతీలో ఏది దేనివల్లో ఎట్లా విడదీస్తాం? విడదీయలేక "సంబంధం ఉన్నట్టు ఆధారం దొరకలేదు" అని రాస్తాం. అది ఫ్యాక్టరీ ఆఫీసుకు చేరేసరికి "హాని లేదని తేలింది" అవుతుంది. ఆ రెండు మాటలకు మధ్య దూరం నాకు తెలుసు. ఆ దూరం చెరిగిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను.

క్లాసులో

గురువారం పాఠంలో ఈ అగరొత్తి కథ చెప్పాను. మీటింగుల్లో ఎన్నోసార్లు చెప్పి నవ్వులు రాబట్టిన కథే. "అమ్మవారికి దండం, మిషన్‌కు గండం" అన్నాను. పిల్లలు నవ్వారు. వెనక వరసలో మౌనిక అనే అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, అగరొత్తులు బంద్ వెట్టినంక మళ్ల కొలిచిన్రా?"

"అప్పటికి ప్రాజెక్ట్ అయిపోయిందమ్మా."

"గట్లయితె పొగనే అని ఎట్ల తెలిసింది సార్? అగరొత్తి వెలిగించినప్పుడే డ్రయ్యర్ తలుపు గూడ తీస్తున్నరు గద."

నాకు చెవులు వేడెక్కాయి. "పుస్తకం ముందు కూర్చుని అడగడం తేలిక. నాలుగు ఫ్యాక్టరీలు తిరిగి అప్పుడు అడుగు" అన్నాను. పిల్లలు మళ్ళీ నవ్వారు, ఈసారి ఆమెను చూసి. ఆమె కూర్చుంది.

తిరుగు ఆటోలో శామీర్‌పేట చెరువు పక్కనుంచి వస్తుంటే ఆ ప్రశ్న నాతోనే వచ్చింది. పొగా పొడీ ఒకేసారి లేస్తే నేను రెంటినీ కలిపి తీసేశాను. ఏ క్షణాన్ని కొలవడానికి వెళ్లానో ఆ క్షణాన్నే చెరిపేశాను. ఆ చెరిపేసిన కాగితాన్ని నమ్మి నర్సింహులు సోమవారం సంతకం పెట్టబోతున్నాడు. పెట్టమన్నది నేను.

సూరారంలో

ఇంటికి పోలేదు. సాయంత్రానికి సూరారం చేరాను. నర్సింహులు భార్య యాదమ్మ ఇంటి ముందు గదిలో చిన్న కిరాణం నడుపుతుంది. నన్ను చూసి సంతోషంగా లేచింది.

"గాలి సారా! ఫోన్ల మంచి మాట జెప్పిన్రంట. కూసోండ్రి, చాయ్ వెడ్త."

"చాయ్ తర్వాత యాదమ్మా. పొద్దున నేను చెప్పిన మాట తప్పు."

నర్సింహులు లోపలినుంచి తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. "తప్పంటే ఏంది సార్? పొడి మంచిది గాదా?"

"అది నాకు తెల్వదు."

"పొద్దుగాల తెలిసింది, పొద్దుమీకంగ తెల్వకుంట అయిందా?"

"పొద్దున కూడా తెల్వదు. తెలిసినట్టు చెప్పిన."

జరిగిందంతా చెప్పి, సంతకం పెట్టొద్దన్నాను. యాదమ్మ అందుకుంది.

"అంటే ఆ కాగితం ఉత్తదేనా సారూ? దాన్ని వట్టుకొనే అమ్మ ఫోటో తీసేసిన్రు. ఈయినె ఎన్ని దినాలు పానం బాగలేనోని లెక్క తిరిగిండో మీకేం ఎరుక?"

"ఉత్తదే."

"ఇప్పుడొచ్చి సంతకం వెట్టొద్దంటున్నరు. పర్మినెంట్ అయితే ఇంటిల్లిపాదికి దవాఖాన కార్డొస్తది. అది మీరిస్తరా?"

పొద్దున "ఏం కాదు" అనడం ఎంత తేలికో, సాయంత్రం "వద్దు" అనడమూ అంతే తేలిక. రెండింటి ఖర్చూ నర్సింహులుదే. ఇన్నేళ్లలో నేనిచ్చిన సలహాలన్నీ వేరేవాళ్ల కూలి మీద నిలబడి ఇచ్చినవేనని అప్పుడు అనిపించింది.

"సంతకం సంగతి మీరే తేల్చుకోవాలె. రిపోర్ట్ మాత్రం నాది. దాన్ని వాపసు తీసుకునుడు నా పని. రేపే ఫ్యాక్టరీకి పోత. నీ పేరు ఎత్తను నర్సింహులూ" అన్నాను.

అతను నవ్వాడు. "ఎత్తకపోతె మాత్రం తెల్వదా సార్? అడిగినోన్ని నేనొక్కన్నే. ఎత్తుండ్రి."

యాదమ్మ చాయ్ పెట్టలేదు. నేనూ అడగలేదు.

వాపసు

ఆ రాత్రే మౌనికకు ఫోన్ చేసి క్షమించమన్నాను. "అందరి ముందల అన్నరు, ఫోన్ల సారీ చెప్తున్నరు సార్" అంది. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నది. తర్వాతి గురువారం అదే క్లాసులో, ఆమె కూర్చున్న వరస దగ్గరికి పోయి, ఆమె అడిగింది సరైన ప్రశ్న అని, నేను తప్పించుకున్నానని చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

అంతకుముందు, శుక్రవారం, ఫ్యాక్టరీకి వెళ్లాను. మేనేజర్ కొత్తాయన, నా కొడుకు వయసువాడు. అంతా విని, "సార్, మీరు రిటైరైన్రు. ఇప్పుడు మీ మాటను నేనెట్ల పట్టుకోవాలె?" అన్నాడు.

"నా ఇప్పటి మాట చెల్లకపోతే పాత మాట కూడా చెల్లదు. ఆ రిపోర్ట్ చూపించుడు ఆపండి. తప్పని రాసి సంతకం పెట్టి తెచ్చిన" అని కాగితం టేబుల్ మీద పెట్టాను.

అతను దాన్ని రెండుసార్లు చదివాడు. "నేను జాయినైనప్పటినుంచి ఆ రిపోర్ట్ నిజమనే అనుకుంటున్న సార్. నా రూమ్ ఆ షెడ్డుకు పక్కనే" అన్నాడు. నా కాగితం మేనేజర్‌ను కూడా నమ్మించిందని అప్పుడు తెలిసింది. "మళ్ళీ కొలుస్తరా?" అని అడిగింది అతనే.

నేనడిగితే శనివారం మౌనిక శిక్షణ సంస్థవాళ్ల అనుమతితో వాళ్ల మిషన్ తెచ్చింది. నీళ్లు చల్లొద్దు, ఏ పనీ ఆపొద్దు, రోజూ ఎట్లా చేస్తే అట్లాగే చేయమని ముందే చెప్పాం. ఎందుకు కొలుస్తున్నామో షిఫ్టువాళ్లకు చెప్పాం. షెడ్డు బయటా, లోపలా, తలుపు తీయకముందూ, తీశాకా చూశాం. అగరొత్తి లేదు, క్యాంటీన్‌లో పొయ్యి ఇంకా వెలిగించలేదు. నర్సింహులు గొళ్లెం లాగాడు. అంకెలు ఎగబాకాయి. ట్రే వంచినప్పుడు ఇంకా పైకి పోయాయి, చాలాసేపటికి గానీ దిగలేదు. మౌనిక నా ముఖం చూడలేదు. చూడకపోవడం ఆమె మర్యాద.

భోజనాల వేళ క్యాంటీన్‌లో నిలబడి చెప్పాను. "అప్పుడు నేను రాసింది తప్పు. గాలిలోకి పొడి లేస్తాంది. వడపోత కాగితాన్ని మైక్రోస్కోప్‌కు పంపుతున్నం, అది ఏందో ఇంకా గట్టిగ తేలాలె. మీకు దానివల్ల ఏమైతదో, ఎంతైతదో నాకు తెల్వదు, లోకంలో ఎవరికీ ఇంకా పూర్తిగా తెల్వదు. తెలిసేదాక పీల్చకుండ చూసుకునుడే పని. తలుపు దగ్గర పొడిని గుంజే సక్షన్ ఉండాలె. ముక్కుకు రుమాలు పనికిరాదు, సరైన మాస్క్ ఉండాలె."

మూలనుంచి ఒకడు, "గిది గప్పుడే జెప్తే మీ సొమ్మేం పోయేది సారూ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నిలబడి విన్నాను.

సోమవారం నర్సింహులు ఆఫీసులో ఏం చెప్పాడో మేనేజరే నాకు చెప్పాడు. "సక్షన్ వెట్టుండ్రి, వెట్టిన దినం సంతకం జేస్త. అందాక అందరం వంతులేసుకొనే జేస్తం" అన్నాడట. ఇంకొకరిని తీసుకుంటామంటే, అడిగి చూడమన్నాడట. అడిగారు. షిఫ్టులో ఎవరూ ముందుకు రాలేదు.

అతని దగ్గుకు సర్కారు దవాఖానలో పరీక్షలు చేయించాను. ఊపిరి పరీక్ష మామూలుగానే ఉంది. "మామూలుగా ఉందంటే ఈ రోజుకు ఉందని" అని అతనికి అక్కడే, డాక్టరు ముందే చెప్పాను.

అప్పటినుంచి ప్రతి సోమవారం ఫ్యాక్టరీకి పోతున్నాను. నన్ను ఎవరూ పంపడం లేదు. నిన్న వెళ్లేసరికి సక్షన్ రేకు గొట్టాలు వచ్చి షెడ్డు పక్కన పడి ఉన్నాయి, ఇంకా బిగించలేదు. మైక్రోస్కోప్ ఫలితమూ ఇంకా రాలేదు. నర్సింహులు షిఫ్టు దిగి గేటు దగ్గరికి వచ్చాడు. బిగించాక మళ్ళీ కొలుస్తానని చెప్పాను.

"కొలిచినంక గూడ తెల్వదనే అంటరా సార్?"

"కొంత తెలుస్తది. మిగిలింది తెల్వదనే అంట."

"గట్లనే అనుండ్రి. గది ఇన్నంక ఏం జెయ్యాల్నో మేం జూస్కుంటం" అని బస్సు వస్తుంటే రోడ్డు దాటాడు.